ప్రయాణంలో బీరు, పొద్దున్నే పరుగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కంపెనీ పని మీద ఆరు నెలలకని జర్మనీలోని న్యూరెంబర్గ్ వచ్చాను. ఈ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా సొంత బ్రూవరీ కనబడుతోంది. శని, ఆదివారాల్లో రైలెక్కి బాంబెర్గ్, కొలోన్, ఒకసారి బెల్జియం కూడా వెళ్లి అక్కడి బీర్లు రుచి చూశాను. హైదరాబాద్‌లో వారానికి మూడు రోజులు పరిగెత్తేవాణ్ణి, ఇక్కడా మానలేదు. అయినా నడుము పెరిగింది, ఆదివారం పొద్దున పరుగు భారంగా ఉంటోంది. బీరు పూర్తిగా మానెయ్యాలా? రెండూ కలిసి సాగే దారి ఉందా?
- పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు, న్యూరెంబర్గ్

జవాబు: ఆరోగ్యానికి ఏ హానీ చెయ్యని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా ప్రకటించింది. మీరున్న జర్మనీలోనే పోషకాహార సంఘం ఇదివరకు పురుషులకు రోజుకు 20 గ్రాములు, స్త్రీలకు 10 గ్రాముల ఆల్కహాలు వరకు ఫరవాలేదని చెప్పి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుని, అసలు తాగకపోవడమే మేలని సలహా ఇచ్చింది. కాబట్టి అలవాటు లేనివారు ఈ జవాబు చదివి కొత్తగా మొదలుపెట్టవలసిన అవసరం ఏమీ లేదు. మీరు మాత్రం ఒక ప్రాంతం తయారుచేసే బీరును ఇష్టంగా, తెలుసుకుంటూ రుచి చూస్తున్నారు. దాన్ని తప్పు పట్టను. హాని తక్కువగా ఉండేలా ఎలా తాగాలో, ఎక్కడ ఆపాలో చెబుతాను.

మీరు గ్లాసులు లెక్కపెడుతున్నారనుకుంటాను. చాలామంది చేసేది అదే, లెక్క తప్పేదీ అక్కడే. లెక్కపెట్టవలసింది గ్లాసులను కాదు, వాటిలోని ఆల్కహాలు గ్రాములను. గ్లాసులో ఎన్ని మిల్లీలీటర్లు ఉందో దాన్ని సీసా మీది ఆల్కహాలు శాతంతో గుణించి, వందతో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ 0.8తో గుణిస్తే గ్రాములు తెలుస్తాయి. బాంబెర్గ్‌లో మీరు తాగి ఉండగల పొగవాసన బీరు, ష్లెంకెర్లా, 5.1 శాతం ఉంటుంది. అరలీటరు గ్లాసులో సుమారు 20 గ్రాముల ఆల్కహాలన్నమాట. కొలోన్‌లో ఇచ్చే కోల్ష్ అనే స్థానిక బీరు 200 మిల్లీలీటర్ల సన్నని గ్లాసులో వస్తుంది, దానిలో 8 గ్రాములు కూడా ఉండదు. బెల్జియంలో వెస్ట్‌మాల్ ట్రిపెల్ వంటి బీరు 9.5 శాతం, 330 మిల్లీలీటర్ల చిన్న సీసాలోనే 25 గ్రాములుంటుంది. ఇక మ్యూనిక్ అక్టోబర్ ఉత్సవంలో చేతికిచ్చే లీటరు మగ్గు, ఆ బీరు 6 శాతం దరిదాపుల్లో ఉంటుంది కనుక, ఒక్కటే 48 గ్రాములు. చూపుకు అన్నీ "ఒక గ్లాసు" లాగే ఉంటాయి, కానీ చిన్నదానికీ పెద్దదానికీ ఆరు రెట్ల తేడా ఉంది.

నడుము సంగతికి వస్తే, ఆల్కహాలు గ్రాముకు ఏడు కేలరీలిస్తుంది. బీరులో మాల్టు నుంచి వచ్చిన పిండిపదార్థాలు దానికి తోడవుతాయి. అయిదు శాతం బీరు అరలీటరులో రమారమి 210 కేలరీలుంటాయి. పరిగెత్తేటప్పుడు శరీర బరువులో కిలోకు, కిలోమీటరుకు దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది కనుక, 70 కిలోల మనిషి మూడు అరలీటర్ల బీరు లెక్క సరిచెయ్యాలంటే తొమ్మిది కిలోమీటర్లు పరిగెత్తాలి. అంటే శనివారం సాయంత్రం తాగినది ఆదివారం పరుగును మొత్తం మింగేస్తుంది. పైగా ఆల్కహాలును నిల్వచేసుకునే ఏర్పాటు శరీరానికి లేదు. కాలేయం మిగిలిన పనులు పక్కన పెట్టి ముందు దాన్నే వదిలించుకుంటుంది, ఆ వ్యవధిలో కొవ్వు కరగడం బాగా మందగిస్తుంది. ఆ సాయంత్రం తిన్న వేయించిన బంగాళాదుంపలు, పంది మాంసం వేపుడు ఒంటికి పట్టేది అప్పుడే. మనవాళ్లు మంచింగ్ అనే ఆ తిండి వాటా చాలాసార్లు బీరుకంటే ఎక్కువే ఉంటుంది.

ఆదివారం పరుగు భారం కావడానికి కారణం వేరు. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే తొలగించగలదు. రాత్రి పదింటికి మూడో అరలీటరు ముగించారనుకోండి, మొత్తం 60 గ్రాములు. ఆరింటికే మొదలుపెట్టి ఉన్నా, కనీసం అర్ధరాత్రి వరకు, కాలేయం నెమ్మదిగా పనిచేస్తే తెల్లవారుజామున రెండున్నర వరకు ఒంట్లో ఆల్కహాలు ఉంటుంది. అది నిద్ర తొందరగా పట్టిస్తుంది కానీ, రాత్రి రెండో సగంలో నిద్రను ముక్కలు చేస్తుంది, కలలొచ్చే దశను తగ్గిస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. మూత్రాన్ని అదుపులో పెట్టే హార్మోను కూడా ఆ సమయంలో తగ్గుతుంది కనుక మామూలుకంటే ఎక్కువ నీరు బయటికి పోతుంది. మీ చేతి గడియారం విశ్రాంతిలో గుండె వేగం చూపించేదైతే, శనివారం రాత్రి అంకెను బుధవారం రాత్రి అంకెతో పోల్చి చూడండి. నా మాటకంటే అది మీకు గట్టిగా నచ్చజెబుతుంది.

అందుచేత నా సలహాలో మొదటిది వేళ. మధ్యాహ్నం భోజనంతో తాగిన బీరుకూ, రాత్రి పదింటికి తాగిన బీరుకూ గ్రాములు ఒకటే అయినా, నిద్రకు జరిగే నష్టంలో చాలా తేడా ఉంటుంది. మీరున్న ఫ్రాంకోనియా ప్రాంతం దీనికి అనువైనది. బాంబెర్గ్‌కు తూర్పున కొండల్లో ఔఫ్‌జెస్ అనే చిన్న గ్రామ సముదాయం ఉంది. జనాభా లెక్కన చూస్తే ప్రపంచంలో అత్యధిక బ్రూవరీలున్న చోటుగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. అక్కడున్న నాలుగు బ్రూవరీలను కలుపుతూ పొలాల మధ్య, అడవుల అంచున సుమారు 14 కిలోమీటర్ల నడకదారి ఉంది. చాలామంది నాలుగు చోట్లా అరలీటరు చొప్పున తాగి, ముగింపులో ఇచ్చే ధ్రువపత్రం కోసం తాపత్రయపడతారు. అది 80 గ్రాముల ఆల్కహాలు, నేను ఒప్పుకోను. నాలుగు ఊళ్లూ నడవండి. వాటిలో ఒక చోట భోజనంతో అరలీటరు తాగండి. చివరి ఊళ్లో "ష్నిట్" అని అడగండి. ఫ్రాంకోనియాలో అలా అడిగితే గ్లాసులో సగానికి అటూ ఇటూగా, పైన నురగతో పోసి ఇస్తారు, డబ్బు కూడా తక్కువే తీసుకుంటారు. స్థానికులు ఇంటికి బయలుదేరే ముందు అడిగేది కూడా అదే కనుక మిమ్మల్నెవరూ వింతగా చూడరు.

కొలోన్‌లో మాత్రం జాగ్రత్త. అక్కడ నీలం ఏప్రాన్ కట్టుకున్న వెయిటరు గుండ్రటి పళ్లెంలో గుచ్చినట్టు పెట్టిన గ్లాసులతో తిరుగుతూ, మీ గ్లాసు ఖాళీ అయీ కాకముందే అడగకుండా ఇంకొకటి పెట్టి, కింది అట్టబిళ్ల మీద పెన్సిలుతో గీత గీసి పోతాడు. చాలనిపించినప్పుడు ఆ బిళ్లను గ్లాసు మీద మూతగా పెట్టాలి; పెట్టేదాకా బీరు వస్తూనే ఉంటుంది. చిన్న గ్లాసు కదా అని ఏమరుపాటుగా ఉంటే ఏడెనిమిది గీతలు పడతాయి. ఆ గీతలే మీ గ్రాముల లెక్క, ఒక్కో గీతకు ఎనిమిదేసి చొప్పున కూడుకోండి, మూడో గీత దగ్గర మూత పెట్టండి.

తిండి విషయంలో మీరున్న బవేరియా రాష్ట్రం మీకొక మేలు చేసింది. 1812లో రాజు మాక్సిమిలియన్ జోసెఫ్, బ్రూవరీలవారు తమ నేలమాళిగల దగ్గర బీరు అమ్ముకోవచ్చు కానీ రొట్టె తప్ప తిండి అమ్మకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. దాంతో జనం ఇంటినుంచి తిండి తెచ్చుకునే ఆచారం స్థిరపడింది. ఇప్పుడక్కడ తిండి అమ్ముతున్నా, సంప్రదాయంగా నడిచే బీరు తోటల్లో బల్లగుడ్డ పరవని బల్లల దగ్గర మీ డబ్బా మీరు విప్పుకోవచ్చు. శనగ గుగ్గిళ్లు, ఉడికించిన గుడ్లు, కీరా ముక్కలు, పెరుగన్నం తీసుకెళ్లండి. మాంసకృత్తులు, పీచు కడుపులో ఉంటే ఆల్కహాలు రక్తంలోకి నెమ్మదిగా వెళ్తుంది, వేపుళ్ల మీద మనసూ పోదు. ప్రతి గ్లాసు బీరుకూ ఒక గ్లాసు నీళ్లు తాగండి.

కారు జోలికి వెళ్లకండి. జర్మనీలో కారు నడిపేవారికి కిలో రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాలు దాటకూడదనే చట్టముంది, సైకిలుకు 1.6 వరకు వెసులుబాటున్నట్టు కనిపిస్తుంది. కానీ ప్రమాదమేదైనా జరిగితే 0.3 దగ్గరే నేరమవుతుంది. పల్లె బస్సులు ఆదివారం అరుదు, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి.

వారంలో మిగిలిన రోజులకు ఆల్కహాలు లేని గోధుమ బీరుంది. బెర్లిన్ మారథాన్ ముగింపు గీత దగ్గర పరుగువీరులకు ఇచ్చేది అదే. అరలీటరులో 125 కేలరీల వరకు ఉంటాయి, జర్మనీలో 0.5 శాతం వరకు ఉన్నదాన్ని కూడా ఆల్కహాలు లేనిదిగానే అమ్ముతారు కనుక, ఒక్క చుక్క కూడా వద్దనుకునేవారు 0.0 అని రాసి ఉన్నదాన్ని ఎంచుకోవాలి. రుచి విషయంలో జర్మన్లు దీనిలో ఎంతో శ్రద్ధ పెట్టారు, నిరాశపడరు.

అరలీటరొకటి, ష్నిట్ ఒకటి, అవీ వారానికి ఒక రోజు: మీ వయసుకు, మీ పరుగుకు ఇది నేను ఒప్పుకోగల గరిష్ఠం. రెండు నెలలు ఇలా చేసి నడుము కొలిచి చూడండి.

ప్రశ్న: నేను టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉంటాను, వయసు 31. వారానికి నాలుగు రోజులు బరువులెత్తే వ్యాయామం చేస్తాను. ఉద్యోగరీత్యా పోర్ట్‌లాండ్, శాన్ డియెగో వెళ్తుంటాను, అక్కడి ఐపీఏలంటే, అంటే ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీర్లంటే, ఇష్టం. వ్యాయామం తర్వాత ఒక పైంట్ తాగితే కండ పెరగదంటారు, నిజమేనా? విమానంలో తాగడం మంచిదేనా?
- ఒక పాఠకురాలు, ఆస్టిన్

జవాబు: 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు వ్యాయామం అలవాటున్న ఎనిమిది మంది యువకుల మీద దీన్ని పరీక్షించారు. కఠిన వ్యాయామం తర్వాత ఆల్కహాలు తాగినప్పుడు, మాంసకృత్తులు తీసుకున్నా కండర నిర్మాణం 24 శాతం తగ్గింది. మాంసకృత్తులు లేకుండా పిండిపదార్థాలే తీసుకుంటే 37 శాతం తగ్గింది. అయితే వారికిచ్చిన మోతాదు శరీర బరువులో కిలోకు ఒకటిన్నర గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 90 గ్రాములు. ఒక పైంట్‌కు అంత నష్టం ఉండదు. కానీ అమెరికా పైంట్ 473 మిల్లీలీటర్లు, మీ ఐపీఏ ఏడు శాతమైతే అందులో 26 గ్రాముల పైన ఆల్కహాలుంది. ఆ దేశం ఒక డ్రింకుగా లెక్కించే 14 గ్రాములకు ఇది దాదాపు రెట్టింపు. వ్యాయామం ఉన్న రోజు బీరు పెట్టుకోకండి. విశ్రాంతి రోజున చిన్న రుచి గ్లాసులు అడగండి, ఆ ఊళ్ల బ్రూవరీల్లో సాధారణంగా దొరుకుతాయి.

స్త్రీల శరీరంలో నీటి పాలు తక్కువ కనుక అదే గ్లాసు రక్తంలో ఎక్కువ మోతాదవుతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిపాటి మద్యంతోనే మొదలవుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు పూర్తిగా మానాలి.

విమానంలో మాత్రం వద్దు. 2024లో వెలువడిన జర్మన్ వైమానిక, అంతరిక్ష కేంద్రం పరిశోధనలో, విమానంలో ఉండేంత గాలి ఒత్తిడిలో ఆల్కహాలు తాగి నిద్రపోయిన ఆరోగ్యవంతులైన యువతీ యువకుల రక్తంలో ఆక్సిజన్ 85 శాతం దరిదాపులకు పడిపోయింది, గుండె వేగం పెరిగింది. వారు తాగింది రెండు డబ్బాల బీరుకు సమానమైన ఆల్కహాలే.

ప్రశ్న: నాకు 58 ఏళ్లు, విజయవాడ. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను. రోజూ గంట నడుస్తాను. మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. వెళ్లినప్పుడల్లా మైక్రోబ్రూవరీకి తీసుకెళ్లి, "ఇది తాజా బీరు నాన్నా, ఏమీ కాదు" అంటాడు. ఒక గ్లాసు తాగవచ్చా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తాజాదనానికీ మీ మందులకూ సంబంధం లేదు. గ్లిమిపిరైడ్ రక్తంలో చక్కెరను దించుతుంది, ఆల్కహాలేమో కాలేయం కొత్త చక్కెరను తయారుచెయ్యకుండా అడ్డుకుంటుంది. రెండూ కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అదీ తాగిన వెంటనే కాకుండా చాలా గంటల తర్వాత, నిద్రలో జరగవచ్చు. చెమట, వణుకు, తడబడే మాట చూసి పక్కవారు మత్తు అనుకుని పడుకోబెడతారు, చికిత్స అందదు. ఆ రోజు నడక ఎక్కువైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవారు అతిగా తాగితే రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకునే ప్రమాదం వేరే ఉంది.

మీ మందుల చీటీ రాసిన వైద్యుణ్ణి అడగకుండా తాగవద్దు. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు సరిగా ఉండి ఆయన సరేనంటే, భోజనం మధ్యలో చిన్న గ్లాసు ఒకటి చాలు. అన్నం మానేసి బీరు తాగడం ఎప్పుడూ కూడదు. పడుకునే ముందు, లేచిన వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోండి. రాత్రి 100 కంటే తక్కువుంటే ఏదైనా తిని పడుకోండి, ఈ లక్షణాలు కనిపిస్తే చక్కెర నీళ్లు ఇవ్వాలని, స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలని మీ అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.