గిటార్ స్వయంగా తయారు చేసుకోవడానికి అప్పు తీసుకోవచ్చా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను. నెలకు చేతికి రూ.92,000 వస్తుంది. అందులో ఇంటి రుణ వాయిదాకు రూ.31,000, ఇంటి ఖర్చులకూ స్కూలు ఫీజుకూ కలిపి రూ.38,000, సిప్‌కు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) రూ.12,000 వెళ్తున్నాయి. అత్యవసర నిధి రూ.1,60,000 ఉంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. అకౌస్టిక్ గిటార్‌ను నా చేతులతో తయారు చేయాలన్నది చాలాకాలపు కోరిక. కలప కోసే బ్యాండ్‌సా, పలకలను అరగదీసి పలుచన చేసే డ్రమ్ శాండర్ యంత్రాలకు రూ.85,000, చేతి పనిముట్లకు రూ.35,000, రెండు గిటార్ల కలపకు రూ.40,000, అచ్చులు, జిగురు, పాలిష్, తీగలకు రూ.20,000 చొప్పున మొత్తం రూ.1,80,000 అవుతుంది. వ్యక్తిగత రుణం తీసుకోవాలా, లేక ఏడాది పాటు సిప్ ఆపాలా? తర్వాత ఒక్కో గిటార్‌ను రూ.40,000కు అమ్మితే పెట్టింది తిరిగి వస్తుందని నా ఆలోచన.

జవాబు: గిటార్ తప్పకుండా తయారు చేయండి. దాని కోసం రుణం తీసుకోవాల్సిన పని గానీ, సిప్ ఆపాల్సిన పని గానీ లేదు. రూ.1,80,000ను 14 శాతం వడ్డీకి మూడేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు దాదాపు రూ.6,150 చొప్పున కట్టాలి. వడ్డీయే సుమారు రూ.41,500 అవుతుంది. రెండు గిటార్లకు మీరు వేసుకున్న కలప ఖర్చు కన్నా అది ఎక్కువ. సిప్ విషయానికి వస్తే, మూడు నాలుగేళ్లలో అమ్మాయి ఇంటర్ పూర్తి చేసి పై చదువుకు వెళ్తుంది కాబట్టి ఆ సొమ్మును కదపవద్దు. అది షేర్లలో మదుపు చేసే ఈక్విటీ ఫండ్లలో ఉంటే, అవసరానికి రెండేళ్ల ముందు నుంచే కొంచెం కొంచెంగా డిపాజిట్లలోకి మార్చుకోవడం మొదలుపెట్టండి.

అన్ని ఖర్చులూ పోగా మీకు నెలకు రూ.11,000 మిగులుతోంది. ఇంటి ఖర్చు, వాయిదా కలిపి మూడు నెలలకు రూ.2,07,000 అవసరం కాగా, మీ అత్యవసర నిధి అంతకు రూ.47,000 తక్కువగా ఉంది. అందువల్ల నెలకు రూ.5,000 దానికి జమ చేయండి, పది నెలల్లో లోటు తీరుతుంది. మిగిలిన రూ.6,000 గిటార్‌ది.

నెలకు ఆరు వేలతో ఈ పని సాగుతుందా అని మీకు సందేహం రావచ్చు. సాగుతుంది, ఎందుకంటే గిటార్ తయారీ ఒక్కసారిగా జరిగే పని కాదు. ముందు అచ్చు కావాలి. తర్వాత రెండు మిల్లీమీటర్ల మందానికి తెచ్చిన పక్క పలకలను తడిపి, వేడి గొట్టం మీద వంచాలి. పై పలకకు లోపలి పట్టీలు అతికించి, పెట్టెను మూసి, ఆ తర్వాతే నెక్ (గిటార్ మెడ), దాని మీద అడ్డంగా బిగించే లోహపు ఫ్రెట్లు, చివరగా పాలిష్. సెలవు రోజుల్లో చేసేవారికి ఏడాది పట్టడం మామూలే. ఫ్రెట్ల రంపం, ఆకురాయి లాంటివి నెలల తర్వాత గానీ అవసరం పడవు కాబట్టి ఏ దశకు కావలసినవి ఆ దశలోనే కొనండి. యంత్రాలు రెండూ జాబితా నుంచి తీసేయండి. పలకలను మందం తగ్గించే పనిని వడ్రంగి వర్క్‌షాపులో కూలి ఇచ్చి చేయించుకోవచ్చు, మిగిలినది చిత్రిక పట్టి సరిచేసుకోవచ్చు. కలప కూడా ఒక్క గిటార్‌కే కొనండి.

మీ జాబితాలో లేని ఖర్చు ఒకటుంది. గిటార్ పట్టీలను అతికించేటప్పుడు గదిలో గాలి తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. విశాఖ తేమలో అతికించిన పలక తర్వాత పొడి వాతావరణంలోకి వెళ్తే అడ్డంగా కుంచించుకుపోయి పగులుతుంది. కనుక తేమ కొలిచే పరికరానికీ, తేమ తగ్గించే యంత్రానికీ కలిపి రూ.15,000 పక్కన పెట్టండి. ఇప్పుడు మొత్తం రూ.90,000 అవుతుంది, అంటే పదిహేను నెలల పొదుపు. ఆ మొత్తాన్ని ఇంటి ఖాతాలో కలపకుండా విడి ఖాతాలో ఉంచండి.

అమ్మకం ఆదాయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి. కలప, పాలిష్ వగైరాలకు ఒక్కో గిటార్‌కు రూ.30,000 పోతే మిగిలేది రూ.10,000. రెండు వందల గంటల శ్రమ పెడితే గంటకు రూ.50 మాత్రమే. పైగా ఉక్కు తీగలు కలిసి డెబ్బై కిలోలకు పైగా బలంతో బ్రిడ్జిని, అంటే పై పలక మీద తీగలను పట్టి ఉంచే చెక్కను, లాగుతూ ఉంటాయి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక పై పలక ఎలా నిలిచిందో చూడకుండా ఇంకొకరి చేతికి ఇవ్వడం న్యాయం కాదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తరతరాలుగా పనస కలపతో వీణలు చేస్తున్నవారు ఉన్నారు. వీలు చేసుకుని ఒకసారి వెళ్లి, వారు కలపను ఎలా ఎంచుకుంటారో అడిగి తెలుసుకోండి.

ఒకవేళ ముందు ముందు క్రమంగా అమ్మే స్థాయికి వస్తే, ఆ ఆదాయాన్ని వ్యాపార ఆదాయంగా రిటర్నులో చూపించాలి. అందులో నష్టం వస్తే దాన్ని జీతం నుంచి తగ్గించుకునే వీలు ఆదాయపు పన్ను చట్టంలో లేదు. వెనుక పలకకు జిట్రేగి, అంటే మన రోజ్‌వుడ్, వాడేటట్లయితే బిల్లు ఇచ్చే వ్యాపారి దగ్గరే కొని, ఆ బిల్లును భద్రపరచండి. యంత్రాల గురించి రెండో గిటార్ పూర్తయ్యాక నాకు మళ్లీ రాయండి.