ఇళ్ల పక్కనే గొర్రెల దొడ్డి: సన్నదోమల లెక్క తీయడం ఎలా?

ప్రశ్న: మా ఊరు మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక చెరువు కింద ఉంది. గొర్రెల దొడ్డి, పశువుల కొట్టం ఇళ్లను ఆనుకొనే ఉన్నాయి. నిరుడు వానలు తగ్గుముఖం పట్టాక కొన్ని గొర్రెలకు మూతి వాచి, చొల్లు కారి, కుంటడం మొదలైంది. నీలి నాలుక వ్యాధి అన్నారు. పొద్దుగూకితే నుసిలాంటి దోమలు జీవాలనూ పిల్లలనూ కుడుతున్నాయి. ఊళ్లో పొగమందు కొట్టించినా తగ్గలేదు. ఇవి ఎన్ని ఉన్నాయో, ఎక్కడ పుడుతున్నాయో తెలుసుకొనే దారి ఉందా? ఈ జబ్బు మనుషులకు వస్తుందా?
– ఒక గొర్రెల పెంపకందారు

జవాబు: నీలి నాలుక వ్యాధి మనుషులకు రాదు. పిల్లలకు వచ్చే దద్దుర్లు, దురద కాటు వల్ల కలిగేవే. గొర్రెలలో కూడా ఇది మామూలుగా ఒకదాన్నొకటి తాకడం వల్ల అంటుకోదు. జబ్బున్న జీవం రక్తం తాగిన క్యూలికాయిడిస్ జాతి సన్నదోమ కొన్ని రోజుల తరువాత మరో జీవాన్ని కుట్టినప్పుడు వైరస్ సంక్రమిస్తుంది. కాబట్టి దోమల లెక్క తీయాలన్న మీ ఆలోచన సరైనది. అది తెలియకుండా కొట్టే పొగమందు ఆ సాయంత్రం గాలిలో ఎగురుతున్న వాటిని మాత్రమే చంపుతుంది, బురదలో పెరుగుతున్న లార్వాల జోలికి పోదు.

ముందు అవి ఆ దోమలేనని నిర్ధారించుకోవాలి. క్యూలికాయిడిస్ పొడవు 1 నుంచి 3 మిల్లీమీటర్లకు మించదు, అందువల్ల మామూలు దోమతెర కన్నుల్లోంచి కూడా దూరిపోగలదు. భూతద్దం కింద పెడితే చాలా రకాలలో రెక్కల మీద బూడిద రంగు మచ్చలు కనిపిస్తాయి. రక్తం తాగేది ఆడదోమ ఒక్కటే.

లెక్క తీయడానికి పరిశోధకులు అతినీలలోహిత దీపం, కింద చిన్న ఫ్యాను ఉన్న బోనును వాడతారు; వెలుగుకు వచ్చిన దోమలను ఫ్యాను కిందికి లాగి నీళ్ల పాత్రలో పడేస్తుంది. మీ పశువైద్యాధికారిని అడిగి అటువంటిది తెప్పించగలిగితే మంచిది. దాన్ని భూమికి ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల ఎత్తున, వేరే దీపాల వెలుగు పడని చోట కట్టి, పొద్దుగూకక ముందే వేసి తెల్లవారాక తీయాలి. పాత్ర నీళ్లలో రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపితే పడినవి మునిగిపోతాయి.

మీ ఊరి విషయంలో ఒకటి దొడ్డి దగ్గర, ఒకటి ఇళ్ల వరుసలో, ఒకటి చెరువు గట్టున ఒకే రాత్రి పెట్టించండి. ఒక రాత్రి పడిన సంఖ్యను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. గాలి వీచినా, వాన పడినా, నిండు వెన్నెల ఉన్నా పడేవి బాగా తగ్గుతాయి. జీవాలను వేరే చోట కట్టేస్తే దొడ్డి దగ్గరి లెక్క మారిపోతుంది. అందుకే జూన్ నుంచి డిసెంబరు వరకు వారానికొకసారి, అవే చోట్ల, అదే పద్ధతిలో పెట్టి, గాలి, వాన, ఆ రాత్రి అక్కడ కట్టిన జీవాల సంఖ్య పుస్తకంలో రాసుకోవాలి. మన ప్రాంతంలో నీలి నాలుక వ్యాధి ఎక్కువగా వానాకాలం చివరి నుంచి చలికాలం మొదలు వరకు కనిపిస్తుంది గనుక ఆ నెలల లెక్కను ఏ కారణంతోనూ వదలవద్దు.

సంఖ్య కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఒకసారి రక్తం తాగి గుడ్లు పెట్టిన ఆడదోమ పొట్టలో నేరేడు పండు రంగు చార మిగులుతుంది. వైరస్ మోయగలిగినవి అప్పటికే రక్తం తాగినవే గనుక, పడిన వాటిలో అటువంటివి ఎక్కువగా ఉంటే మందకు ముప్పు దగ్గరలో ఉన్నట్లు భావించాలి. దీన్ని సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పవలసిందే.

ఎక్కడ పుడుతున్నాయో మాత్రం మీరే కనిపెట్టవచ్చు. దొడ్డి అంచున పేడ, మూత్రం కలిసిన బురద, కారే కుళాయి కింది తడి, తొట్టి పక్కన జీవాలు తొక్కిన నేల, చెరువు అంచు, పెంటకుప్ప అడుగు: ఒక్కో చోట పైపొరను నాలుగైదు సెంటీమీటర్ల లోతు వరకు తీసి, వేరువేరు బకెట్లలో వేసి, సన్నని గుడ్డ బిగించి కట్టి నీడన ఉంచండి. ఎండిపోకుండా అప్పుడప్పుడు నీళ్లు చిలకరించండి. రెండు మూడు వారాలలో ఏ బకెట్ గుడ్డ కింద సన్నదోమలు తేలితే ఆ చోటే వాటి పుట్టిల్లు. అక్కడి నీటికి కాలువ తీయడం, పేడను రోజూ ఎత్తి దూరంగా వేయడం పొగమందు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. జీవాలను పొద్దుగూకక ముందే గాలి ఆడే మెరక మీదికి తోలడం కూడా మంచిదే.

లెక్క పూర్తయ్యేదాకా టీకా ఆపవద్దు. వానలు ముదరక ముందే నీలి నాలుక టీకా వేయించి, బూస్టరు తేదీ పశువైద్యాధికారిని అడిగి రాసుకోండి. బోనులో పడిన వాటిని 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేసి, చోటు, తేదీ రాసిన కాగితం ముక్కను లోపలే ఉంచి ఆయన ద్వారా పరీక్షకు పంపండి. కాగితం మీద పెన్సిలుతోనే రాయాలి, పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది.