తమ్ముడికి హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చింది, వైజాగ్‌లో ముందు ఎక్కడికి వెళ్ళాలి?

గాజువాకలో ప్రైవేట్ ల్యాబ్ రిపోర్టు చూసినప్పటి నుంచి మీ తమ్ముడు గది దాటడం లేదని, కేజీహెచ్‌కి, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రికి, వెళ్తే తెలిసినవాళ్ళు చూస్తారని భయపడుతున్నాడని రాశారు. మా మరిదీ అచ్చం ఇలాగే ఉండేవాడు. నేను చూసినంతలో అసలు ప్రమాదం రిపోర్టు వచ్చాక, మొదటి మాత్ర పడేలోపే. ‘రేపు వెళ్తాలే వదినా’ అంటూనే నెలలు గడిచిపోతాయి. అందుకే అడ్రసు చెప్పి పంపించకండి, మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి.

ముందు కేజీహెచ్‌లో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే చోటికి వెళ్ళండి. ప్రైవేట్ రిపోర్టు ఉన్నా మళ్ళీ రక్తం తీసి, వేర్వేరు కిట్లతో చూసి ఖాయం చేస్తారు. పైసా కట్టక్కర్లేదు. పాజిటివ్ అయితే కౌన్సెలరే హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి రాసిస్తారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేస్తే కథ మళ్ళీ మొదటికే! వీలైతే అదే రోజు అక్కడ పేరు రాయించండి. ఆలస్యమవుతుంది, టిఫిన్ తినే బయల్దేరండి.

సీడీ4, అంటే రోగనిరోధక కణాల లెక్క, తగ్గేదాకా ఆగమనడం 2017లోనే పోయింది, ఇప్పుడు అందరికీ మందు మొదలుపెడతారు. ముందు టీబీ ఉందేమో అడుగుతారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఏదున్నా దాచొద్దు, టీబీ ఉంటే మందుల లెక్క మారుతుంది. లేకపోతే చాలామందికి రోజుకి ఒకటే మాత్ర, టీఎల్‌డీ అంటారు.

చూస్తారనే భయం మాటలతో పోదు. లైన్లో ఉన్నవాళ్ళందరిదీ అదే భయమని అక్కడికెళ్ళాకే మావాడికి తెలిసింది. అయినా కేజీహెచ్ వద్దంటే 1097 హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు, ఇంకో సెంటర్ చెబుతారు. అతని ఒప్పుకోలు లేకుండా ఈ సంగతి బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం తప్పు. అది ఆసుపత్రికీ, పనిచేసే చోటికీ వర్తిస్తుంది.

మావాడు రూమ్మేట్స్‌తో ఉండేవాడు. మాత్రల డబ్బా గలగలమంటుందని మూత కింద దూది కుక్కేవాడు. వినడానికి నవ్వొస్తుంది గానీ, మందు తప్పేది ఇలాంటి ఇబ్బందుల దగ్గరే. తమ్ముడు డబ్బా ఎక్కడ పెట్టుకుంటాడో, ఎన్నింటికి వేసుకుంటాడో మొదటి రోజే మాట్లాడుకోండి. ఆరు నెలలకి వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష చేస్తారు. అది కనిపించనంతగా తగ్గి అలాగే ఉంటే శృంగారం వల్ల ఇంకొకరికి సోకదు. అలాగని మందు ఆపితే మళ్ళీ పెరుగుతుంది. పూర్తిగా నయం చేస్తామనే ఆకుమందుల వాళ్ళ జోలికి పోనివ్వకండి.

పెళ్ళయిందో లేదో రాయలేదు. అయ్యుంటే ఆమెకీ పరీక్ష చేయించాలి. ఎలా చెప్పాలో తెలియకపోతే కౌన్సెలర్ పక్కనే కూర్చుని చెప్పిస్తారు.