నారి మీద బాణం చోటు

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. విలువిద్యలో ఇండియన్ రౌండ్ అనే పోటీ విభాగానికి వెదురు విల్లుతో సాధన చేస్తోంది. నారి మీద బాణం తగిలించే చోట స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుంది. 30 మీటర్ల దగ్గర బాణాలు ఒకటి పైకి, ఒకటి కిందికి పోతున్నాయి. ఇత్తడి రింగు వేయించాలా, దారం ముడి చాలా? ఎంత ఎత్తులో వేయాలి?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: అమ్మా, ముందు ఆ గీతను నమ్మడం మానేయమనండి. గీత కంటికి కనిపిస్తుంది గాని చేతికి తగలదు. అలసట వచ్చేసరికి పిల్లలు దానికి కాస్త పైనో కిందో బాణం పెట్టేస్తారు. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా గురి దగ్గర తెలిసిపోతుంది.

రింగా, దారమా అంటే నేను దారమే కట్టమంటాను. ఇత్తడి రింగు బరువు. వేళ్లకు వేసుకునే తోలు ట్యాబ్‌ను ఒరుసుకుని తినేస్తుంది. బిగించేటప్పుడు ప్లయర్ జారితే నారి పోగులే దెబ్బతింటాయి. దారం ముడిని మాత్రం నట్టును తిప్పినట్టు, నారి మధ్యలో చుట్టి ఉండే దారం చుట్ల మీద తిప్పుతూ పైకీ కిందికీ జరపవచ్చు. ఎదిగే పిల్లకు ఆ వెసులుబాటు చాలా అవసరం.

అయితే ముడి కంటే ముందు చూడవలసింది విల్లు పిడికీ నారికీ మధ్య దూరం, అంటే బ్రేస్ హైట్. డాక్రాన్ (ఒక రకం పాలిస్టర్ దారం) నారి కొత్తలో సాగుతుంది. కొన్ని రోజులు బాణాలు వేసి అది కుదురుకున్నాక, విల్లు చేసినవారు చెప్పిన కొలతకు నారిని మెలిపెట్టి సరిచేయండి. ఈ దూరం మారిన ప్రతిసారీ ముడి చోటు కూడా మళ్లీ కొలవాల్సిందే.

కొలవడానికి బో స్క్వేర్ (నారికి తగిలించి కొలిచే మూలమట్టం) లేకపోతే వడ్రంగి మూలమట్టం చాలు. ఒక అంచు నారి వెంట, రెండో అంచు బాణం ఆనే చోటు మీద ఉంచండి. ఆ రేఖకు 15 మిల్లీమీటర్లు పైన పై ముడి అడుగు అంచు ఉండేలా కట్టండి. చివరికి చాలా విళ్లకు 10–13 మిల్లీమీటర్ల మధ్య కుదురుతుంది. కావాలనే ఎత్తులో మొదలుపెట్టమంటున్నాను, కారణం తర్వాత చెబుతాను.

మైనం పూసిన నైలాన్ దారం మూరెడు తీసుకోండి. నారికి ముందు ఒక ముడి, వెనక్కి తిప్పి వెనక ఒక ముడి, మళ్లీ ముందు ఒకటి. ఇలా పది పన్నెండు ముళ్లు ఒకదాని పక్కన ఒకటి గట్టిగా లాగి, చివర రెండు ముళ్లు కలిపి బిగించండి. దారం కొస కరిగించడానికి అగ్గిపుల్ల గాని అగరుబత్తి గాని నారి దగ్గరికి తేవద్దు. నారి పోగులు వేడికి పాడవుతాయి. చోటు పూర్తిగా కుదిరాక ఒక్క చుక్క జిగురు చాలు.

కింద కూడా ఒక ముడి తప్పక వేయండి. లేకపోతే లాగేటప్పుడు బాణం తోక నారి మీద కిందికి జారుతుంది. రెండు ముళ్ల మధ్య బాణం తోకకు పోస్టుకార్డు మందమంత సందు వదలండి. నారి పూర్తిగా లాగినప్పుడు వేళ్ల దగ్గర కోణం మూసుకుపోయి, ఆ ముళ్లు తోకను నొక్కుతాయి. సందు లేకపోతే బాణం మొన ఆన్చిన చోటు నుంచి లేచిపోతుంది.

ఇక పరీక్ష. పది, పన్నెండు మీటర్ల నుంచి మెత్తటి గురి మీదికి ఈకలున్న బాణాలు మూడు, ఈకలు లేనిది ఒకటి వేయించండి. ఈకలు లేనిది మిగతావాటి కంటే కిందికి దిగితే ముడి ఎత్తుగా ఉన్నట్టు. ఒక మిల్లీమీటరు దించండి. పైకి దిగితే ముడి తక్కువలో ఉంది, పైకి జరపండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ముడి మరీ కిందికి ఉంటే బాణం తోక విల్లు మీద తగిలి పైకి ఎగురుతుంది. అప్పుడు కూడా ముడి ఎత్తుగా ఉన్నట్టే కనిపిస్తుంది. దాన్ని చూసి ఇంకా దించుకుంటూ పోతారు. ఎత్తులో మొదలుపెట్టమన్నది అందుకే. అనుమానముంటే బాణం ఆనే చోట ముఖానికి రాసుకునే పౌడరు చల్లి ఒక బాణం వేయించండి. ఈక రాసుకున్న చార పౌడరులో స్పష్టంగా కనబడుతుంది.

ప్రశ్న: నేను మూడు వేళ్లూ బాణం కిందే పెట్టి లాగుతాను. మా మిత్రుడు బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెడతాడు. అతని కొలతే నాకూ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదు. లాగే బలమంతా బాణానికి కింద పడుతోంది కాబట్టి మీ ముడి సాధారణంగా మరికాస్త పైన ఉండాలి. 16 మిల్లీమీటర్ల పైన మొదలుపెట్టి, ఈకలు లేని బాణం చెప్పినట్టు దించుకుంటూ రండి. మీ పద్ధతిలో కింది ముడి మరీ ముఖ్యం. బాణం తోక నారిని పట్టుకునే తీరు కూడా చూసుకోండి. బాణం నారి నుంచి వేలాడుతూ ఉండాలి, నారిని వేలితో చిన్నగా తడితే ఊడిపోవాలి. తట్టినా ఊడకపోతే ఆ చోట నారి చుట్టు దారం లావుగా ఉంది. సన్నని దారంతో తిరిగి చుట్టించండి. తట్టకుండానే ఊడుతుంటే ఆ నారితో బాణం వేయకండి. లాగి వదిలే క్షణంలో బాణం జారిపోతే విల్లు ఉత్తినే కొట్టుకుని దాని కొమ్మలు, అంటే పిడికి పైనా కిందా వంగే భాగాలు, చీలిపోవచ్చు.