ఇంట్లో చిన్న వడ్రంగం షెడ్డు: ముందు బల్ల, సానరాయి, ఆ తర్వాతే మెషిన్లు

మహారాష్ట్రలోని సిరోంచలో ఇంటి వెనక పదికి పన్నెండు అడుగుల రేకుల షెడ్డు ఉంది, ముప్పై వేలు పెట్టగలను, సాయంత్రాలు చెక్క పని చేసుకోవాలని ఉంది, ముందు టేబుల్ సా (బల్లకి బిగించిన గుండ్రటి రంపం మెషిన్) కొననా అని అడిగారు. వద్దండి. నేను పక్క జిల్లా బల్లార్షాలో ఇంతకన్నా చిన్న చోట చాలా ఏళ్లుగా ఈ పని చేసుకుంటున్నాను. మా ఇంట్లో మంచాలు, పూజగది తలుపులు అక్కడ తయారైనవే. టేబుల్ సా మాత్రం ఇప్పటికీ లేదు. పొడుగు కోతలన్నీ సా మిల్లులో కోయించుకుంటాను. మిగిలిన కోతలకి చేతిరంపం, చేత్తో పట్టుకుని కోసే ఏడంగుళాల సర్క్యులర్ సా సరిపోతాయి.

మొదటి డబ్బు బల్లకి పెట్టండి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే బల్ల పైభాగం మణికట్టు దగ్గరికి రావాలి, చాలామందికి అది 32 నుంచి 34 అంగుళాలు. రందా (చిత్రిక) తోస్తే బల్ల ఊగకూడదు, అందుకే బరువైన చెక్క వాడాలి. దానికి టేకు అక్కర్లేదు, పాత ఇంటి మద్ది దూలాలు దొరికితే తెచ్చుకోండి. కాళ్ల కింద రాతి ముక్కలు పెట్టండి, లేకపోతే చెదలు పైకి పాకుతాయి. మన వైపు మేస్త్రీలు చాలామంది నేల మీద కూర్చుని, చెక్కని కాలితో తొక్కిపట్టి ఎంతో చక్కగా చేస్తారు. కానీ చిన్నప్పటి నుంచి అలవాటు లేని నడుము దానికి ఓర్చుకోదు.

తర్వాత పదును. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే కొత్తవాళ్లు పని మానేసేది ఎక్కువగా ఇక్కడే. టేకులో సిలికా (ఇసుకలో ఉండే గట్టి పదార్థం) ఉంటుంది, అది ఉలి పదునుని త్వరగా తినేస్తుంది. పావు, అర, ఒక అంగుళం ఉలులు మూడు, ఒక ఇనుప రందా, 1000 గ్రిట్ (నునుపు లెక్క) సానరాయి ఒకటి, దానికన్నా నున్నటిది ఇంకొకటి చాలు. ముందు ఉలి వీపు (వాలు లేని వైపు) అద్దంలా చదును చేయండి. వాలు 25 డిగ్రీలు ఉంచి, కొసన మాత్రం 30 దాకా తీయండి. ప్యాకింగ్ పెట్టెల మెత్తటి చెక్క తీసుకుని, అడ్డంగా కోసిన కొస మీద ఉలి నడిపి చూడండి. నున్నగా పొర లేస్తే పదును వచ్చినట్టు, చెక్క నలిగి పొడి రాలితే మళ్లీ రాయి దగ్గరికే. మా వీధి మేస్త్రి నాకు మొదట నేర్పింది ఇదే, ఇది వచ్చేదాకా అతుకుల సంగతి ఎత్తనివ్వలేదు. వానాకాలంలో పని అయ్యాక ఇనుముకి సన్నగా మెషిన్ ఆయిల్ రాయండి.

కలప విషయంలో మనం నిజంగా అదృష్టవంతులం. ఆలాపల్లి అడవుల టేకు మన గుమ్మం ముందే ఉంది. 2023లో అయోధ్య గుడికి టేకు వెళ్లింది కూడా మా బల్లార్షా నుంచే. కొనేటప్పుడు చేవ, అంటే లోపలి ముదురు రంగు గట్టి భాగం, చూడండి. అంచున తెల్లగా ఉండే భాగాన్ని పురుగు తొలిచేస్తుంది. లెక్క మీరే వేసుకోండి: పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. బిల్లు లేని సరుకు ఎంత చవకైనా ముట్టుకోవద్దు. టేకు రవాణాకి అటవీ శాఖ పాస్ కావాలి, మీరున్నది గోదావరి దాటితే వేరే రాష్ట్రం వచ్చే చోట.

తెచ్చిన పలకలు వెంటనే కోయకండి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వెడల్పులో నూటికి 5 వంతుల దాకా తగ్గుతుంది, అడుగు పలకకి అది అర అంగుళం పైనే. చివర్లకి పెయింటు పూసి, మధ్యలో బద్దలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చండి. గాలికి ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అన్నది పాత లెక్క. ఆరినదైనా మన మే నెల ఎండకి కుదించుకుపోతుంది, జూలైలో ఉబ్బుతుంది. అందుకే తలుపు చేసేటప్పుడు మధ్య పలకని గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, అక్కడ జిగురు పెట్టకూడదు. చట్రం అతుకులకి మాత్రం పెట్టండి. టేకు జిడ్డుగా ఉంటుంది కాబట్టి జిగురుకి ముందు థిన్నర్‌తో తుడవాలి.

కరెంటుకి షెడ్డులో 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, మంచి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) పెట్టించండి. సాయంత్రం వోల్టేజీ పడిపోతే సర్క్యులర్ సా ఆపేయండి, మోటారు కాలిపోతుంది.

దుమ్ముని తేలిగ్గా తీసుకోకండి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. సాండర్ (చెక్కని రుద్ది నున్నగా చేసే మెషిన్) పట్టిన ప్రతిసారీ ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే షెడ్డులోంచి ఆ బట్టలతో లోపలికి వెళ్లకండి.

మొదటి పనిగా రంపం కోతకి ఒక జత గుర్రాలు (చెక్కని పైన పెట్టి కోసుకునే కాళ్ల స్టాండ్లు) చేసుకోండి. వాటి అతుకులు కుదిరాక స్టూలు, ఆ తర్వాత మంచం.