మొదటిసారి ప్రచారం చేస్తున్న మేనకోడలికి

రాంనగర్, హైదరాబాద్

బిడ్డా,

మీ అభ్యర్థి రీల్‌ను రెండు లక్షల మంది చూశారని నిన్న ఫోన్‌లో సంబరంగా చెప్పావు. విని సంతోషించాను. వాళ్లలో మన డివిజన్‌లో ఓటున్నవాళ్లు ఎందరని అడిగితే మాత్రం నువ్వు జవాబు చెప్పలేకపోయావు. ఆ రీల్‌ను దుబాయ్‌లో చూసినా, విజయవాడలో చూసినా లెక్క పెరుగుతుంది. కార్పొరేటర్ ఎన్నికలో కొన్ని వందల ఓట్లు అటూ ఇటూ అయితే ఫలితమే మారిపోతుంది. రాత్రి నిద్ర పట్టక ఇది రాస్తున్నాను.

ముందు ఓటరు జాబితా దగ్గర పెట్టుకో. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ పోలింగ్ జరిగితే సగం మంది ఓటర్లు కూడా రాలేదు. హైదరాబాద్‌లో పోటీ చేసేవాళ్లకు పెద్ద సమస్య ఇదే. నీ ఫోన్ ముందుగా ఈ పనికి పనికిరావాలి: ఎవరి బూత్ ఎక్కడుందో, ఓటు ఉందో తీసేశారో ఇంటింటికీ చెప్పడానికి.

గ్రూపులు బూత్‌వారీగా పెట్టు. వాట్సాప్ గ్రూపులో 1,024 మందిని చేర్చవచ్చు, కానీ అంతమందిని నింపితే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద నీ మాట మునిగిపోతుంది. గల్లీకో చిన్న గ్రూపు చాలు. అడగకుండా ఎవరినీ చేర్చకు. ఫోన్ నంబర్లు అమ్ముతామని వచ్చేవాళ్లను గడప తొక్కనివ్వకు. వెళ్లి, తలుపు కొట్టి, మాట్లాడి తీసుకున్న నంబరే నంబరు.

ఇక గ్రూపులో ఏం పెట్టాలి? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నాయకుడి ఫొటో, పండగ శుభాకాంక్షలు, మళ్లీ నాయకుడి ఫొటో. ఉదయం ఆరింటికి ఒకావిడ "నల్లా రాలేదు" అని పెట్టిందనుకో, ఆ రోజు నీ ప్రచారం అదే. జలమండలి లైన్‌మన్‌తో మాట్లాడి, ఆయన ఏం చెప్పాడో గంటలోపు అదే గ్రూపులో చెప్పు. పని కాకపోతే కాలేదనే చెప్పు. నాలా పక్కన నిలబడి తీసిన నిమిషం వీడియోలో తమ గోడ, తమ గేటు కనిపిస్తే జనం వదలకుండా చూస్తారు. చదవడం రాని పెద్దవాళ్లకు వాయిస్ మెసేజ్ పెట్టు. ఉర్దూ మాట్లాడే ఇళ్లకు తెలుగు వీడియో కింద అక్షరాలు వేసి పంపకు. ఆ బస్తీ అమ్మాయితోనే మన హైదరాబాదీలో చెప్పించు. గోడలకు సున్నం కొట్టించి పేర్లు రాయించిన రోజుల నుంచి ఈ పనిలో ఉన్నాను. సొంత యాసలో వినిపించిన మాటకు ఉన్న బలం దేనికీ లేదు.

ఒక సంగతి నీకెప్పుడూ చెప్పలేదు. 2020 అక్టోబరు వరదలప్పుడు చెరువు కట్ట తెగిందని ఒక వీడియో వచ్చింది. వెనకా ముందూ చూసుకోకుండా బస్తీ గ్రూపుల్లో పెట్టాను. అది మన రాష్ట్రంలో తీసిందే కాదు. అర్ధరాత్రి, కరెంటు లేని చీకట్లో, జనం చంటిపిల్లలను ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. ఒక పెద్దావిడ మెట్ల మీద జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రికి వెళ్లి ఆమె కాళ్లు పట్టుకున్నాను. నెలన్నర తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. ఆ గల్లీలో మా మాట ఒక్కరూ నమ్మలేదు, నమ్మకపోవడం న్యాయమే.

అందుకే ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో తెలియని వీడియోను ముట్టుకోకు. ఎదుటి అభ్యర్థి గొంతుతో ఏఐ ఆడియో చేద్దామని మీ కుర్రాళ్లు ఉత్సాహపడతారు. గట్టిగా వద్దను. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు అలాంటి నకిలీలు తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. కానీ మూడు గంటల్లో అది ఎన్ని ఇళ్లు తిరిగొస్తుందో నాకు తెలుసు.

డబ్బు పెట్టి ఫేస్‌బుక్‌లో ప్రకటన వేయాలంటే ముందు గుర్తింపు పత్రాలు చూపాలి, ఖర్చు ఎవరిదో ప్రకటన మీదే కనపడాలి. దానికి కొన్ని రోజులు పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టు. ప్రతి రూపాయికీ బిల్లు దాచు. మున్సిపల్ ఎన్నికలు చూసేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అనుమానాలుంటే రిటర్నింగ్ అధికారినే అడుగు. పోయినసారి పోలింగ్‌కు రెండు రోజుల ముందే, నవంబరు 29 సాయంత్రం ప్రచారం ముగిసింది. టైం పెట్టి ఉంచిన పోస్టులు ఆ తర్వాత వాటంతటవే వెళ్లిపోతాయి. వాటిని ఆపే పని ఒక్క మనిషికి అప్పగించు.

ఆదివారం పొద్దున ఇంటికి రా, మీ అత్తమ్మ కూడా ఎదురుచూస్తోంది. ఓటరు జాబితా ప్రింట్ తీసి తీసుకురా. మన గల్లీలో చనిపోయినవాళ్లెవరో, ఇల్లు మారినవాళ్లెవరో ఇద్దరం కూర్చుని గుర్తు పెడదాం.

నీ మామయ్య