జొన్నగిరి వైపు రెండు రోజుల వజ్రాల వేట: వంకలో జల్లెడ పట్టాలా, పొలాల్లో వెతకాలా?

మీరు అడిగినవి నాలుగు. హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు వచ్చి టెంట్ వేసుకుని వాగులో జల్లెడ పడితే వజ్రం దొరుకుతుందా? ఎప్పుడు రావాలి? దొరికిన రాయి వజ్రమో కాదో ఎలా తెలుస్తుంది? 8 ఏళ్ల పాపను తీసుకురావచ్చా? మాది గుత్తి. మా మేనమామకు కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, జొన్నగిరి ఉన్న మండలంలోనే, పొలం ఉంది. ఇప్పటికి మూడు తొలకర్లు ఈ పని మీద తిరిగాను. వజ్రం మాత్రం దొరకలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది మీరు ప్రశాంతంగా చదువుకోవచ్చు.

మా వైపు జనం వాగులో కన్నా చేలల్లోనే ఎక్కువ వెతుకుతారు. జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి, మద్దికెర, పెరవలి చుట్టుపక్కల ఎర్రనేలల్లో తొలి వానలు పడగానే మనుషులు తలలు వంచుకుని నడుస్తూ కనబడతారు. వాన పైమట్టిని కడిగేస్తుంది, కంకర తేలుతుంది, ఆ తడి మీద ఎండ పడితే రాయి మెరుస్తుంది. అందుకే మే చివర్నించి జూలై దాకా సీజన్. వాన వెలిసిన మర్నాడు పొద్దున 6 నుంచి 9 వరకు, మళ్లీ సాయంత్రం 4 తర్వాత వెతకండి. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే మెరుపు కంటికి తగులుతుంది. సూర్యుడి వైపు ముఖం పెట్టి నడవాలని మా మామ చెప్పేవాడు, అది నిజమే. మధ్యాహ్నం మాత్రం నెత్తి మాడడం తప్ప ఏమీ ఉండదు.

ఇదే సమయంలో రైతులు విత్తనం వేస్తారు. చిక్కంతా అక్కడే. మొదటి ఏడు నేను తెలియక ఒక చేలో దిగితే, గట్టు మీద నుంచి ఒక పెద్దామె “ఏం నాయనా, ఇత్తనం తొక్కి పోతే మేమేం తినాల?” అని అరిచింది. సిగ్గుతో చచ్చిపోయాను. దున్ని, ఇంకా విత్తని పొలంలోకైనా సరే అడిగే దిగండి. వద్దంటే గట్టు దాటకండి. గడ్డపార, పార తేవద్దు. కంటికి కనబడింది ఏరుకోవడం వేరు, తవ్వడం వేరు. తవ్వితే రైతుతో గొడవ, పైగా గనుల చట్టంతోనూ చిక్కు.

ఇక వంక సంగతి. ఇక్కడ వంకలు ఏడాదిలో చాలా కాలం ఎండిపోయే ఉంటాయి, వాన పడ్డాక రెండు మూడు రోజులు గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. జల్లెడ పట్టాలని మీకు అంత సరదాగా ఉంటే ఆ రోజుల్లోనే కుదురుతుంది. ఇసుక ఎంత జల్లించినా లాభం లేదు, కంకర కావాలి. వంక మలుపు తిరిగే చోట లోపలి వైపు, పెద్ద బండల వెనక, అడుగున గట్టిరాయికి ఆనుకుని ఉన్న కంకర చూడండి. బరువైనవన్నీ అక్కడే ఆగుతాయి. పలుగురాయి సాంద్రత 2.65 అయితే వజ్రానిది 3.5. రెండు జల్లెడలు తెచ్చుకోండి, పైన మేస్త్రీలు వాడే ఇసుక జల్లెడ, కింద సన్నది. కింది జల్లెడను నీళ్లలో ముంచి, గుండ్రంగా తిప్పుతూ పైకీ కిందికీ కుదపండి. పది పన్నెండు కుదుపులకు బరువు రాళ్లు అడుగున మధ్యకు చేరతాయి. అప్పుడు జల్లెడను గోనెపట్టా మీద ఒక్కసారిగా బోర్లించి, నడిమి ముద్దను చూడాలి. ఆ బోర్లించడం నాకు రెండు రోజులకు గానీ చేతికి రాలేదు. నడుము మాత్రం మొదటి గంటకే పట్టేసింది.

ఎంత రాయి కోసం చూడాలో ముందే మనసులో పెట్టుకోండి. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, ముడి వజ్రంగా అయితే దాదాపు కందిగింజంత. చాలామంది గోలీకాయంత మెరుపు కోసం చూస్తూ కందిగింజ మీద అడుగేసి పోతారు.

ఈ రాళ్లు ఇక్కడికెలా వచ్చాయో తెలిస్తే వెతకడంలో కొంచెం రుచి పెరుగుతుంది. వజ్రం పుట్టేది నేలకు 150 కిలోమీటర్ల కన్నా లోతున. అక్కడి నుంచి దాన్ని పైకి మోసుకొచ్చేది కింబర్లైట్ అనే రాయి. అనంతపురం జిల్లా వజ్రకరూరులో అలాంటి కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి, వాటి వయసు సుమారు 110 కోట్ల ఏళ్లు. ఊరి పేరులోనే వజ్రం ఉంది చూడండి. పైరాయి అరిగి, వానలకు కొట్టుకుపోయి, వజ్రాలు కంకరలో చేరాయి. కర్నూలు వైపు బనగానపల్లె, రామళ్లకోటల్లో పాతకాలంలో గనులు నడిచింది ఆ కంకరరాళ్ల పొరల్లోనే. కడప దగ్గర పెన్న ఒడ్డున చెన్నూరులోనూ ఒకప్పుడు తవ్వేవాళ్లు.

టెంట్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. రెండో ఏడు నేనూ మా బావమరిదీ వంకలోనే మెత్తటి ఇసుక చూసి టెంట్ వేశాం. మామ పొలం నుంచి ఇంటికి పోతూ చూసి, “ఏరా, యాడ పండుకుంటారు? నీళ్లు పోయే దారిలోనా? లేయండి!” అని తిట్టి ఊరి గుడి అరుగు మీదికి తరిమాడు. మా నెత్తిన చుక్క వాన లేదు. అయినా ఎగువన ఎక్కడో కురిసిందేమో, తెల్లారి పోయి చూస్తే మేం కొయ్యలు దిగ్గొట్టిన చోట మోకాలి లోతు ఎర్రనీళ్లు. అందుకని గట్టు మీద ఎత్తైన చోట గానీ, అడిగి గుడి దగ్గర గానీ, లేదా హాయిగా గుత్తిలోనో పత్తికొండలోనో లాడ్జిలో గానీ పడుకోండి. రాళ్ల కింద తేళ్లుంటాయి, చెయ్యి పెట్టేముందు కర్రతో తిప్పండి. పొద్దున షూ దులిపి తొడుక్కోండి. మనిషికి కనీసం 4 లీటర్ల నీళ్లు ఉంచుకోండి. తిండికి బెంగ లేదు, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ ఎక్కడైనా దొరుకుతాయి.

రాయి పరీక్ష దగ్గర నా పరువు పోయింది. మొదటి ఏడు తెల్లగా మెరిసే రాయి దొరికితే, వజ్రం గాజును కోస్తుందని విన్నాను కదా, ఆత్రం ఆపుకోలేక మా బావమరిది కారు అద్దం మీదే గీశాను. గీత పడింది! మేం ఎగిరి గంతేశాం. అది పలుగురాయి. పలుగు కూడా గాజును గీస్తుంది. కాఠిన్యం లెక్కలో గాజు 5.5 దగ్గర, పలుగు 7, వజ్రం 10. ఆ గీత ఇప్పటికీ ఉంది, ప్రతి పండక్కీ దాన్ని చూపిస్తాడు. అంతకన్నా నయమైన పని ఏమిటంటే, గ్లాసు నీళ్లలో వేసి చూడండి. పలుగు ముక్క మెరుపు బాగా తగ్గిపోతుంది, వజ్రం నీళ్లలో కూడా మెరుస్తూనే ఉంటుంది. నోటితో ఆవిరి ఊదితే వజ్రం మీద మసక చటుక్కున పోతుంది. అది వేడిని రాగి కన్నా బాగా లాగేస్తుంది, అందుకు. నగల దుకాణాల్లో పెన్ను లాంటి పరికరంతో చూసేది కూడా ఈ గుణాన్నే. సుత్తితో మాత్రం కొట్టకండి. గీతకు లొంగని రాయే అయినా దెబ్బకు చీలిపోతుంది.

దొరికిందే అనుకోండి, పొలం గట్టు మీదే బేరం పెట్టే మనుషులు వచ్చేస్తారు. కొంత నగదు, కొంత బంగారం అంటారు, ఇప్పుడే తేల్చమని తొందరపెడతారు. మా మామ పొలం పక్కన ఒకాయన అలా గంటలో అమ్మేసి, తర్వాత నెల రోజులు నిద్ర లేకుండా బాధపడ్డాడు. కనీసం తూకం వేయించి, ఇద్దరికి చూపించి మాట్లాడండి.

మధ్యాహ్నం ఖాళీగా కూర్చోకుండా గుత్తి - పత్తికొండ రోడ్డు మీద ఎర్రగుడి దగ్గర ఆగండి. బండల మీద అశోకుడి శాసనాలున్నాయి, బ్రాహ్మీ లిపిలో. ఒకదానిలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి చెక్కారు. నాకైతే మొత్తం ట్రిప్పులో బాగా గుర్తుండిపోయింది అదే.

పాపను తప్పకుండా తీసుకురండి. టోపీ, చీలమండ దాకా ఉండే బూట్లు వేయండి, వంక నీళ్ల దగ్గర చెయ్యి వదలకండి. పిల్లల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, ఓపిక కూడా మనకన్నా ఎక్కువే. మూడేళ్లలో మా ఇంటికి చేరిన ఒకే ఒక్క మంచి రాయి, చిన్న ఎర్ర గార్నెట్, మా 7 ఏళ్ల వాడికి దొరికింది. అది కూడా వెతుకుతూ కాదు, చెప్పులో గుచ్చుకుంటోందని ఏడ్చి విప్పితే రాలింది.